జిరాఫీ లేకుండా ఆఫ్రికాని కుట్టొచ్చా?

గోడకి వేలాడదీసే ఆర్ట్ క్విల్ట్‌ల (అంటే బొమ్మల బొంతల) గురించి, అందులోనూ ఆఫ్రికా మీద, ఈసారి వరసగా ఉత్తరాలొచ్చాయి. ఎవరి పుణ్యమో తెలీదు. అన్నీ ఒకేచోట పెడుతున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయి టాంజానియాలో, దార్ ఎస్ సలామ్‌లో ఉంటుంది. దసరాకి వెళ్ళి గొరొంగోరో, సెరెంగెటి చూసొచ్చాం. ఆ దృశ్యాన్ని క్విల్ట్‌గా కుట్టాలని ఉంది. బొంతలు కుట్టడం నాకు అలవాటే. కానీ ఏం గీసినా నారింజ ఆకాశం, నల్లటి చెట్టు, పక్కన జిరాఫీ వచ్చి క్యాలెండర్ బొమ్మ అయిపోతోంది. అక్కడ కొన్న కాంగాలు, అంటే అక్కడి ఆడవాళ్ళు కట్టుకునే గుడ్డలు, కూడా ఉన్నాయి, కొయ్యాలంటే ప్రాణం ఒప్పడం లేదు. – రిటైర్డ్ టీచర్, మల్కాజ్‌గిరి

జవాబు: జిరాఫీ మీద నాకేం కోపం లేదండీ. కానీ నా దగ్గర నేర్చుకోడానికి వచ్చేవాళ్ళు ఆఫ్రికా అనగానే ఆ బొమ్మే గీస్తారు. టాంజానియా చూసొచ్చినవాళ్ళూ అదే, అమీర్‌పేట దాటనివాళ్ళూ అదే. మరి అంత ఖర్చు పెట్టి వెళ్ళిరావడం ఎందుకు? 54 దేశాలున్న ఖండం ఒక గుడ్డ మీద పట్టదు. మీరు నిలబడి చూసిన ఒక్క చోటు తీసుకోండి.

గొరొంగోరోనే అనుకుందాం. అది ఎప్పుడో కూలి లోపలికి కుంగిపోయిన అగ్నిపర్వతం. లోతు సుమారు 600 మీటర్లు, అడుగున నేల దాదాపు 260 చదరపు కిలోమీటర్లు. పైన అంచు మీద నిలబడితే జంతువులు చుక్కల్లా తప్ప ఆనవు కదా. కనపడేవన్నీ పట్టీలే. కాళ్ళ దగ్గర ముదురాకుపచ్చ అడవి, కింద ఎండుగడ్డి, మధ్యలో ఉప్పు తేలి తెల్లబడ్డ మగాడి సరస్సు, అవతల నీలం కలిసిన బూడిదరంగు గోడ, ఆపైన మబ్బు. బొంత కుట్టే చేతికి ఇంతకన్నా ఏం కావాలి? గీత గియ్యకండి. కత్తెర పట్టుకుని పట్టీలు కాస్త వంకరగా కొయ్యండి. దూరంవి సన్నగా, దగ్గరవి వెడల్పుగా ఉండాలి. కింది పట్టీ అంచు లోపలికి మడిచి పై పట్టీ మీద పెట్టి దొంగకుట్టు వేసుకుంటూ రండి. లోతు దానంతటదే వస్తుంది.

గుడ్డ కోసం వెంటనే జనరల్ బజార్‌కి పరుగెత్తకండి. ముందు బీరువా తియ్యండి. ఎండుగడ్డికి వెలిసిపోయిన నారాయణపేట చీరని మించింది లేదు. లేత పసుపు కావాలంటే ముతక ఖాదీని కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరెయ్యండి, కలంకారీ వాళ్ళు గుడ్డని తయారుచేసుకునేది అలాగే. అక్కడక్కడా గోధుమ మచ్చలు కావాలంటే టీ డికాషన్ ఉండనే ఉంది. మబ్బు నీడకి నా చిట్కా ఒకటి చెప్తాను. చిరిగిన నల్ల నెట్టు చున్నీలోంచి ఒక ముక్క కత్తిరించి గడ్డి పట్టీ మీద పరిచి, అంచుల్లో మాత్రం చిన్న కుట్లు వెయ్యండి. గడ్డి రంగు పోదు, కాస్త మసకబారుతుంది. మబ్బు కింద నేల ఉండేది అలాగే కదా.

అసలు బొమ్మ వచ్చేది కుట్టుతోనే. ఎక్కడ దగ్గర దగ్గరగా కుడితే అక్కడ గుడ్డ అణుగుతుంది, వదిలేసిన చోట పొంగుతుంది. గడ్డిలో రెండు మూడు రంగుల దారాలతో నిలువుగా, పొట్టీ పొడుగూ కచ్చా కుట్లు వెయ్యండి. గోడ పట్టీ మీద ఏటవాలుగా. సరస్సుని మాత్రం ముట్టుకోకండి, ఖాళీగా వదిలేస్తే అదే పైకి తేలి మెరుస్తుంది. చాలామంది ఖాళీ కనపడితే చాలు, అక్కడో నెమలో పువ్వో కుట్టేస్తారు. చెయ్యి కట్టేసుకోండి!

ఇక కాంగా. దాని చుట్టూ ఉండే అంచుని ‘పిండో’ అంటారు, మధ్య భాగం ‘మ్‌జి’, కింద స్వాహిలీలో ఉండే మాట ‘జీనా’. పిండోని కోసి మీ క్విల్ట్‌కి అంచుగా వాడండి, దిగులు పడకండి. మాట ఉన్న పట్టీని మాత్రం ముక్కలు చెయ్యకుండా ఉంచండి. అక్కడి ఆడవాళ్ళు నోటితో అనలేని మాటని కాంగా కట్టుకుని అనేస్తారు. ఆశీర్వాదాలుంటాయి, సామెతలుంటాయి, ఎదురింటావిడని దెప్పేవీ ఉంటాయి. అర్థమేమిటో మీ అమ్మాయి చేత కనుక్కున్నాకే హాల్లో తగిలించండి.

ప్రశ్న: గోడకి వేలాడే క్విల్ట్ లోపల దూది పెట్టాలా, పాలియెస్టర్ పెట్టాలా? – కూకట్‌పల్లి

జవాబు: రెండూ వద్దు. చలికి కప్పుకునేది కాదుగా. పాత ఫ్లానెల్ దుప్పటి చాలు, సమంగా వేలాడుతుంది. ఏకించిన దూది అయితే బరువుకి జారి కిందికి గడ్డ కడుతుంది. పాలియెస్టర్ మరీ పొంగి, మీరు వేసిన చిన్న కుట్లన్నీ మింగేస్తుంది.

ప్రశ్న: అక్కా, నేను ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. ఆఫ్రికా వస్త్రాలంటే పిచ్చి. వెళ్ళే స్తోమత లేదు. చూడని చోటు గురించి కుట్టడం, వాళ్ళ డిజైన్లు వాడుకోవడం దొంగతనమా అని టెన్షన్. – విద్యార్థిని, మాసబ్‌ట్యాంక్

జవాబు: నువ్వు ఉత్తరం రాసిన చోటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఏసీ గార్డ్స్ ఉంది తల్లీ. నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్ల వచ్చిన పేరది. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆ సిద్దీల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. మన పెళ్ళి బరాతుల్లో మోగే మర్ఫాలో వాళ్ళ చెయ్యీ ఉంది. ముందు అక్కడికి వెళ్ళి నాలుగు మాటలు మాట్లాడు.

తర్వాత గోల్కొండ నయా ఖిలా. అక్కడ బావోబాబ్ చెట్టు ఉంది, ‘హతియాన్ కా ఝాడ్’ అంటారు. పుట్టిల్లు ఆఫ్రికా, నాటి నాలుగు వందల ఏళ్ళు దాటిందని చెప్పుకుంటారు. ఎండాకాలం ఆకులు రాలాక వెళ్ళు, అప్పుడే మాను పూర్తిగా కనపడుతుంది. ఏనుగు మోకాలి దగ్గర చర్మంలా మడతలు పడి ఉంటుంది. ఆ మడతల్ని రంగుతో గీస్తే తేలిపోతుంది. టైలర్ దగ్గర మిగిలిన బూడిదరంగు యూనిఫాం ప్యాంటు ముక్కలు అడిగి తెచ్చుకో. కావాల్సినదానికి ఒకటిన్నర రెట్లు తీసుకుని, వేళ్ళతో గిల్లి మడత పెడుతూ వెనక నుంచి టాకాలు వెయ్యి. మామూలుగా టెర్రీకాట్‌ని నేను దగ్గరికి రానివ్వను. ఈ చెట్టుకి మాత్రం దాని మొండితనమే పనికొస్తుంది, పెట్టిన మడత పెట్టినట్టే ఉంటుంది.

కుట్టే పద్ధతి కావాలంటే కర్ణాటకలో యల్లాపూర్, హళియాళ్ వైపు సిద్దీ ఆడవాళ్ళు కుట్టే కవంది చూడు. మన బొంతకి దగ్గరి చుట్టమే, కానీ నడక వేరు. అడుగున చీర పరుస్తారు. ఒక మూల మొదలుపెట్టి, ముక్క అంచు మడుస్తూ, కచ్చా కుట్టు వేస్తూ, చుట్టూ తిరిగి మధ్యకి వస్తారు. నాలుగు మూలలా మడతలు పెట్టిన చిన్న చదరపు ముక్కలు కుడతారు, వాటిని ‘ఫూల’ అంటారు. అవి లేకపోతే కవంది బట్టల్లేకుండా ఉన్నట్టేనట.

దొంగతనం సంగతి. ఘనాలో కెంటె అనే గుడ్డని సన్నటి పట్టీలుగా నేసి పక్కపక్కన కలిపి కుడతారు. ఆ కట్టుబడి నేర్చుకుని నీ మంగళగిరి, పోచంపల్లి ముక్కలతో చేస్తే ఎవరూ తప్పు పట్టరు. కెంటె బొమ్మ అచ్చేసిన పాలియెస్టర్ కొని ‘ఆఫ్రికన్ ఆర్ట్’ అని అమ్మితే నాకు నచ్చదు. గుర్తులతో ఇంకా జాగ్రత్త. ఘనాలోదే అదింక్ర ముద్రల గుడ్డ ఒకప్పుడు చావుకి వెళ్ళేటప్పుడు కట్టుకునేది. బెనిన్‌లో అబోమే రాజుల ఆప్లిక్ (గుడ్డ ముక్కలు పైన పెట్టి కుట్టిన) జెండాల మీద ఒక్కో జంతువు ఒక్కో రాజుది. గ్లెలేది సింహం, బెహాంజిన్‌ది సొరచేప. బాగుందని సొరచేపని ఎత్తుకొచ్చి నీ క్విల్ట్‌లో పెడితే ఇంకొకరి రాజముద్ర పెట్టుకున్నట్టే. నీ ఊళ్ళో ఏ జంతువు ఎవరికి గుర్తో అది కుట్టు. ఎక్కడ నేర్చుకున్నావో క్విల్ట్ వెనక చీటీ కుట్టి రాసెయ్యి.

ప్రశ్న: మావారు దక్షిణాఫ్రికా నుంచి ముదురు నీలం గుడ్డ తెచ్చారు. అట్టలా బిర్రుగా ఉంది, ఒకలాంటి వాసన. నాసిరకం అంటగట్టారా? – వనస్థలిపురం

జవాబు: అయ్యో, లేదండీ! అది ష్వేష్వే అయ్యుంటుంది, మంచి నూలు గుడ్డ. ఆ బిర్రు గంజి. ఓడల్లో వచ్చే రోజుల్లో సముద్రపు తేమకి పాడవకుండా పెట్టేవారు, అలవాటు అలాగే నిలిచింది. ఉతికితే మెత్తబడుతుంది. పన్నా 90 సెంటీమీటర్లే ఉంటుంది, అందులోనూ కుంచించుకుపోతుంది కాబట్టి ఉతకకుండా కొయ్యకండి. చన్నీళ్ళలో విడిగా నానెయ్యండి. తడిగా ఉండగానే తెల్ల పంచె ముక్క మధ్య పెట్టి ఇస్త్రీ చెయ్యండి. పంచెకి నీలం అంటితే మళ్ళీ ఉతకాలి. అంటకపోతే కత్తెర తియ్యండి.