కారు సెట్ వెలుగుతోంది, పాట మాత్రం వినిపించడం లేదు

ప్రశ్న: నాలుగు రోజుల కిందట కారు బ్యాటరీ మార్పించాను. ఆ రోజు నుంచి స్టీరియో మూగబోయింది. లైట్లు వెలుగుతున్నాయి, పాట పేరు కనిపిస్తోంది, సెకన్లు కూడా కదులుతున్నాయి, కానీ నాలుగు స్పీకర్లలో ఒక్కదాంట్లోంచి చిన్న గరగర కూడా లేదు. సెట్టూ స్పీకర్లూ అన్నీ పోయాయి, మొత్తం మార్చాల్సిందే అంటున్నాడు చూసిన మెకానిక్. నిజమేనా?
- ఒక పాఠకుడు

జవాబు: ఆగండి, ఇప్పుడే ఏమీ కొనకండి. నాలుగు స్పీకర్లు ఒకే రోజున కలిసి కాలిపోవడం దాదాపు జరగని పని. అన్నీ ఒక్కసారే ఆగిపోయాయంటే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో ఆగిందన్నమాట. అదేమిటో పట్టుకోవాలి, అంతే.

ముందు రెండు నిమిషాల పని. మ్యూట్, ఫేడర్ (ముందు వెనక స్పీకర్ల మధ్య శబ్దం పంచేది), బ్యాలెన్స్ (ఎడమ కుడి మధ్య పంచేది) చూడండి, బ్యాటరీ తీసినప్పుడు కొన్ని సెట్లలో సెట్టింగులు మారిపోతాయి. బ్లూటూత్‌లో వింటుంటే ఫోన్ వాల్యూమ్ వేరు, సెట్ వాల్యూమ్ వేరు, రెండూ పెంచి చూడండి. తర్వాత ఎఫ్ఎం పెట్టండి. అదీ వినిపించకపోతే తప్పు ఫోన్‌ది కాదు. దొంగతనం లాక్ పడి ఉంటుందని కొందరు భయపెడతారు గానీ, అలాంటప్పుడు డిస్‌ప్లే సాధారణంగా కోడ్ అడుగుతుంది. మీది పాట నడుపుతోంది కాబట్టి ఆ అనుమానం పక్కన పెట్టేయండి.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట బ్యాటరీ. సీటు కిందో డిక్కీలోనో విడిగా ఆంప్లిఫయర్ (స్పీకర్లకి వెళ్లే శబ్దానికి బలం పెంచే పెట్టె) పెట్టించి ఉంటే, దానికి కరెంటు ఒక లావు వైరు మీద నేరుగా బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి వెళ్తుంది, సెట్‌కి వెళ్లే వైర్లతో దానికి సంబంధం లేదు. బ్యాటరీ మార్చేటప్పుడు ఆ వైరు తిరిగి బిగించడం మర్చిపోయినా, టెర్మినల్ దగ్గరున్న దాని ఫ్యూజు పోయినా సరిగ్గా మీరు చెప్పినట్టే ఉంటుంది: సెట్ హాయిగా నడుస్తుంది, శబ్దం ఉండదు. బానెట్ ఎత్తి ప్లస్ దగ్గర ఊరికే వేలాడుతున్న వైరు ఏమైనా ఉందేమో చూడండి. ఫ్యూజు పోతే అంతే ఆంపియర్లది వేయండి. పెద్దది వేస్తే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది, మంటలు రావచ్చు.

వైరు బాగానే ఉంటే ఆంప్లిఫయర్ లైటు చూడండి. అసలు వెలగకపోతే కరెంటో, ఎర్తో, లేదా దాన్ని నిద్ర లేపే సన్నని వైరో అందడం లేదు. విడిగా కొని బిగించిన సెట్లలో ఆ సన్న వైరు ఎక్కువగా నీలం మీద తెల్ల చార ఉన్నది. సెట్ ఆన్ చేస్తే మల్టీమీటర్‌లో దాని మీద 12 వోల్టుల దాకా కనిపించాలి. ప్రొటెక్ట్ అనే లైటు వెలుగుతుంటే మాత్రం ఎక్కడో షార్ట్ ఉండొచ్చు.

విడి ఆంప్లిఫయర్ లేకపోతే ఆ పని సెట్ లోపలి చిప్ చేస్తుంది. ఈ రకం సెట్లలో స్పీకర్‌కి వెళ్లే రెండు వైర్లలో ఏదీ ఎర్త్ కాదు, రెండిటి మీదా దాదాపు 6 వోల్టులు ఉంటాయి. అందుకే ఒక్క స్పీకర్ వైరు ఎక్కడో తెగి కారు బాడీకి తగిలినా చిప్ తనను తాను కాపాడుకోవడానికి నాలుగు స్పీకర్లనూ ఆపేస్తుంది. సెట్ ఆపి, ఒక్కో స్పీకర్ జత ఊడదీసి, మళ్లీ ఆన్ చేసి వినండి. ఏది తీసినప్పుడు మిగతావి పలుకుతాయో తప్పు ఆ దారిలోనే ఉంది. ఫోన్ వచ్చినప్పుడు పాట ఆపడానికి కొన్ని సెట్ల వెనక మ్యూట్ వైరు ఉంటుంది, దాని కొస బాడీకి తగిలినా ఇదే గతి, కొసకి టేపు చుట్టేయండి.

స్పీకర్లు పోయాయో లేదో తేల్చుకోవడం మరీ సులువు. వాటి వైర్లు సెట్ నుంచి విడదీసి, గోడ గడియారంలో వేసే 1.5 వోల్ట్ సెల్‌ని ఆ రెండు కొసలకీ ఒక్క క్షణం తాకించండి. టక్‌మని చప్పుడొచ్చి కోన్ (స్పీకర్ ముందుండే గరాటు) కదిలితే దాన్ని కదిలించే లోపలి తీగచుట్ట, అంటే కాయిల్, తెగలేదు. ఆ నాలుగు టక్కులూ మెకానిక్‌కి వినిపించి, తర్వాత బేరం మాట్లాడండి. ఇవన్నీ చూశాక కూడా స్పీకర్ వైర్లు ఏవీ తగిలించకుండానే సెట్ అవుట్‌పుట్ మీద ఆ 6 వోల్టులు రాకపోతే, అప్పుడు సెట్‌నే అనుమానించాలి.

ప్రశ్న: డ్రైవర్ వైపు తలుపు తీస్తే ఆ స్పీకర్ పాడుతుంది, వేస్తే ఆగిపోతుంది. స్పీకర్ మార్చాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: అక్కర్లేదండి. తలుపుకీ బాడీకీ మధ్య మడతలు మడతలుగా నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది, దాన్ని వెనక్కి జరిపి చూడండి. వేల సార్లు వంగి వంగి అక్కడ వైరు లోపలి రాగి తెగిపోతుంది, పైన ప్లాస్టిక్ మాత్రం బాగానే కనిపిస్తుంది. ఒక్కో వైరునీ మెల్లగా లాగితే తెగినది రబ్బరులా సాగుతుంది. అక్కడ మెలిపెట్టి టేపు వేస్తే నిలవదు. కొంచెం పొడవుగా కొత్త ముక్క పెట్టి, అతుకు ఆ వంపుకి దూరంగా వచ్చేలా సోల్డర్ చేయించండి.