ఎక్సెటర్ సిటీ ఎప్పుడూ పట్టిక మధ్యలోనే ఉంటుంది కదా, సీజన్ టికెట్ కొనడం దండగా?

మీరు అడిగింది ఇది: సెప్టెంబర్‌లో మాస్టర్స్ చదవడానికి ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ వస్తున్నారు. ఫుట్‌బాల్ అంటే ఇష్టం. కానీ ఊరి జట్టు ఎక్సెటర్ సిటీ ఈ మధ్య ఏళ్లలో ఆడింది మూడో అంచెలో, అంటే లీగ్ వన్‌లో. 2022-23 నుంచి 2024-25 దాకా మూడు సీజన్లలో వరసగా 14, 13, 16 స్థానాల్లో ముగించింది. పైకి పోదు, కిందికి పడదు, అలాంటి జట్టు కోసం ప్రతి శనివారం డబ్బూ టైమూ పెట్టాలా అని మీ సందేహం.

పెట్టండి. నేనూ మీలాగే చదువు కోసం వచ్చి, ఇక్కడే ఉద్యోగం దొరికి ఉండిపోయినదాన్ని. నాతో పనిచేసే ఒక పెద్దాయన లాక్కెళ్తే మొదటిసారి క్లబ్ గ్రౌండ్ సెయింట్ జేమ్స్ పార్క్‌కి వెళ్లాను. టీవీలో ప్రీమియర్ లీగ్, అంటే మొదటి అంచె ఆట చూసిన అలవాటుతో ఇక్కడి ఆట మొదట్లో గజిబిజిగా అనిపించింది, ఆ మాట దాచను. ఆ తర్వాత వదల్లేకపోయాను. ఎందుకో చెప్తాను.

ముందు ఒక సంగతి. మనకి ఐపీఎల్ అలవాటు. అక్కడ ఆఖరున వచ్చిన జట్టు కూడా వచ్చే ఏడాది ఐపీఎల్‌లోనే ఆడుతుంది. కాబట్టి మధ్యలో ఉండటం అంటే మనకి ఏమీ కాకుండా మిగిలిపోవడమే. ఇంగ్లండ్‌లో అలా కుదరదు. లీగ్ వన్‌లో 24 జట్లు, ఒక్కొక్కటి 46 మ్యాచులు. మొదటి రెండు నేరుగా పైకి, 3 నుంచి 6 వరకు ఉన్నవాళ్లకి పైకి వెళ్లే మూడో చోటు కోసం ప్లేఆఫ్స్, చివరి నాలుగు కిందికి. కిందికి పోతే టికెట్ల ఆదాయం తగ్గుతుంది, లీగ్ నుంచి వచ్చే డబ్బు తగ్గుతుంది, మంచి ఆటగాళ్లు వెళ్లిపోతారు, మళ్లీ పైకి రావడానికి ఏళ్లు పట్టొచ్చు. ఎక్సెటర్ 2012లో లీగ్ వన్ నుంచి పడిపోయింది. తిరిగి వచ్చింది 2022లో. ఈ పదేళ్లలో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ప్లేఆఫ్ ఫైనల్ మూడుసార్లు, 2017, 2018, 2020లో ఓడిపోయింది. అలాంటి జట్టు వచ్చిన మొదటి ఏడాదే 14వ స్థానంలో నిలబడిందంటే ఈ ఊళ్లో ఎవరూ దాన్ని చిన్నచూపు చూడలేదు.

ఇంకోటి, 13వ స్థానం అన్నది చివరి రోజు అంకె మాత్రమే. జట్టు ఏడాది పొడుగునా అక్కడ కూర్చుని ఉండదు. 2023-24 సీజన్ తీసుకోండి, నేను దగ్గరగా చూసిన వాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది అదే. వేసవిలో టీమ్‌కి వెన్నెముకలాంటి వాళ్లు వెళ్లిపోయారు. ఆర్చీ కాలిన్స్ పీటర్‌బరోకి, జాష్ కీ స్వాన్సీకి, సీజన్ మొదలయ్యాక గోల్స్ కొట్టే శామ్ నోంబే రాథరమ్‌కి. ఇక కష్టమే అనుకున్నాం. అయితే ఆగస్టులో వికమ్‌లో 3-0 గెలుపుతో మొదలుపెట్టి, మొదటి వారాల్లో పట్టిక పైభాగంలో తిరిగారు. సెప్టెంబర్ చివర్లో లీగ్ కప్‌లో, అంటే వేర్వేరు అంచెల జట్లు తలపడే నాకౌట్ టోర్నీలో, లూటన్ వచ్చింది, అప్పుడది ప్రీమియర్ లీగ్ జట్టు. డెమెట్రి మిచెల్ ఒక్క గోల్ కొట్టాడు, 1-0. ఆ రాత్రి గ్రౌండ్ నుంచి ఇంటికి నడిచి వెళ్తున్నప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా నాతో మాటలు కలిపారు.

అక్కడి నుంచి కథ అడ్డం తిరిగింది. వారాల తరబడి లీగ్‌లో గెలుపు లేదు. గెలుపు సంగతి అటుంచండి, గోల్ కూడా లేదు. ముందు వరసలో నోంబే ఖాళీ అలాగే ఉండిపోయింది. బాల్ పెనాల్టీ ఏరియా దాకా వచ్చేది, అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. బోల్టన్‌లో 7-0తో ఓడిపోయారు. శనివారం వస్తోందంటే టెన్షన్. సెప్టెంబర్‌లో ప్లేఆఫ్స్ గురించి మాట్లాడినవాళ్లే తర్వాత కింది నాలుగు జట్ల పాయింట్లు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు.

చాలా క్లబ్బుల్లో అయితే ఈపాటికి మేనేజర్‌ని పంపేసేవాళ్లు. ఇక్కడ గ్యారీ కాల్డ్‌వెల్‌ని ఉంచారు. స్టాండ్స్‌లో కోపం లేదని కాదు, గట్టిగానే ఉండేది, నాకూ వచ్చేది. కానీ శీతాకాలం గడిచేసరికి జట్టు మెల్లగా కుదుటపడింది. ఆస్టన్ విల్లా నుంచి లోన్ మీద, అంటే తాత్కాలికంగా, వచ్చిన గోల్‌కీపర్ విల్యామి సినిసాలో చేతుల్లో చాలా మ్యాచులు నిలబడ్డాయి. ముందు గోల్స్ ఇవ్వడం ఆపారు, ఆ తర్వాత కొట్టడం మొదలుపెట్టారు. సీజన్ ముగిసేసరికి 61 పాయింట్లు, 13వ స్థానం.

ఆ 61 ఎలాంటి అంకెనో చూడండి. ప్లేఆఫ్స్‌లో చివరి చోటు దక్కిన బార్న్‌స్లీకి 76. గండం నుంచి అంచున బయటపడిన బర్టన్‌కి 46. పైకి 15, కిందికి 15. సరిగ్గా నడిమధ్య. అయినా ఆ ఏడాది పట్టిక పైభాగం చూశాం, పాతాళంలోకి తొంగిచూశాం, ఒక ప్రీమియర్ లీగ్ జట్టుని ఓడించాం. బోర్ అన్న మాట నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ క్లబ్ యజమాని ఎవరో మీకు తెలియకపోతే 13వ స్థానం విలువ అర్థం కాదు. 2003లో ఎక్సెటర్ సిటీ అప్పుల్లో మునిగి, ఫుట్‌బాల్ లీగ్ నుంచే కిందికి, కాన్ఫరెన్స్ అనే ఐదో అంచెలోకి పడిపోయింది. మూతపడే స్థితిలో అభిమానులే తమ ట్రస్టు ద్వారా క్లబ్‌ని చేతుల్లోకి తీసుకున్నారు. గ్రౌండ్ రిపేర్లకి, రంగులు వేయడానికి జనమే వచ్చి పనిచేశారు. 2005 జనవరిలో ఇంకో నాకౌట్ టోర్నీ అయిన ఎఫ్ఏ కప్ మూడో రౌండ్‌లో అదృష్టం కలిసొచ్చింది. మాంచెస్టర్ యునైటెడ్‌తో వాళ్ల గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే 0-0 డ్రా చేసుకున్నారు. డ్రా అయినందుకు మళ్లీ ఆడిన రీప్లేలో 2-0తో ఓడారు, కానీ ఆ రెండు మ్యాచుల మీద వచ్చిన డబ్బు అప్పుల ఊబిలోంచి బయటపడేందుకు ఆసరా అయింది. ఇప్పటికీ క్లబ్‌లో అత్యధిక వాటా ట్రస్టుదే. చందా కట్టిన ప్రతి సభ్యుడికీ ఒక ఓటు, ఎంత కట్టినా ఒకటే ఓటు. నేనూ సభ్యురాలినే.

పెద్ద చెక్కు రాసే ధనవంతుడు లేనప్పుడు జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి? టికెట్లు, చందాలు, కప్ మ్యాచులు, అన్నిటికంటే ముఖ్యంగా అకాడమీ. ఇక్కడ పెరిగిన కుర్రాళ్లని పెద్ద క్లబ్బులకి అమ్మి బతుకుతున్న క్లబ్ ఇది. మ్యాట్ గ్రైమ్స్ 2015లో స్వాన్సీకి వెళ్లాడు. ఈథన్ అంపాడు 15 ఏళ్లకే మొదటి జట్టులో ఆడి, 2017లో చెల్సీకి వెళ్లాడు. అదే ఏడాది ఒలీ వాట్కిన్స్ బ్రెంట్‌ఫర్డ్‌కి, అక్కడి నుంచి 2020లో ఆస్టన్ విల్లాకి. వాట్కిన్స్‌ని విల్లా కొన్నప్పుడు కూడా ఎక్సెటర్‌కి వాటా వచ్చింది, ముందే ఒప్పందంలో రాయించుకున్నారు కాబట్టి. 2024 యూరో సెమీఫైనల్లో నెదర్లాండ్స్ మీద చివరి నిమిషంలో గోల్ కొట్టి ఇంగ్లండ్‌ని ఫైనల్‌కి తీసుకెళ్లింది ఆ అబ్బాయే. ఆ రాత్రి ఈ ఊరు ఎగిరి గంతేసింది. మా అబ్బాయి అన్నారు అందరూ. నేనూ అన్నాను, అతను ఇక్కడ ఆడిన రోజుల్లో నేను ఈ దేశంలోనే లేకపోయినా.

అమ్మడం బాధగానే ఉంటుంది. ఒక కుర్రాడు పదిహేడేళ్లప్పుడు బెంచి మీది నుంచి లేచి వచ్చి మొదటి టచ్‌కే తడబడటం చూస్తాం. రెండేళ్లలో అతనే జట్టుని నడిపిస్తాడు. మూడో ఏడాది ఉండడు. ఇంట్లోవాళ్లు పిల్లల్ని పై చదువులకి పంపినట్టే ఇదీ, వెళ్తున్నాడని ఏడుపు, వెళ్లాడని గర్వం. మేనేజర్ ప్రతి ఆగస్టులో మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. ఇలా ప్రతి ఏడాదీ సగం జట్టుని మార్చుకుంటూ, తమ కంటే ఎన్నో రెట్లు ఖర్చు పెట్టగల క్లబ్బులున్న లీగ్‌లో (2023-24లో డెర్బీ, పోర్ట్స్‌మత్, బోల్టన్ ఇందులోనే ఉన్నాయి) మధ్యలో నిలబడటాన్ని నేను విజయం అనే అంటాను. ఓదార్పు కోసం చెప్పడం లేదు, ఖర్చు లెక్క చూసి చెప్తున్నాను.

2022-23 గురించి ఒక్కటి చెప్పకుండా ఉండలేను. 14వ స్థానంలో ముగిసిన సీజన్ అది. మధ్యలో మేనేజర్ మ్యాట్ టేలర్ రాథరమ్‌కి వెళ్లిపోయాడు. ఆ ఏడాది ఫుల్‌హమ్ నుంచి లోన్ మీద జే స్టాన్స్‌ఫీల్డ్ వచ్చాడు. అతని నాన్న ఆడమ్ స్టాన్స్‌ఫీల్డ్ ఇక్కడ ఫార్వర్డ్. 2010 ఆగస్టులో పేగు క్యాన్సర్‌తో 31 ఏళ్లకే చనిపోయారు. క్లబ్ ఆయన వేసుకున్న 9వ నంబర్ చొక్కాని ఏళ్ల తరబడి ఎవరికీ ఇవ్వలేదు. గ్రౌండ్‌లో ఒక స్టాండ్‌కి ఆయన పేరే పెట్టారు. ఆ స్టాండ్ ముందు కొడుకు అదే 9వ నంబర్ వేసుకుని పరిగెత్తుతుంటే, గోల్ కొడుతుంటే, పక్కన నిలబడ్డ పెద్దాయన కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆ సీజన్‌ని ఎవరైనా ఏమీ లేని సీజన్ అంటే నేను ఊరుకోను.

ఇక వచ్చాక ఎలా చూడాలో చెప్తాను. సీజన్ టికెట్ కొనేముందు ఒకటి రెండు మ్యాచులు బిగ్ బ్యాంక్‌లో నిలబడి చూడండి. గోల్ వెనకాల, సీట్లు లేని, నిలబడి చూసే పెద్ద టెర్రస్ అది. ఇలాంటివి ఇంగ్లండ్‌లో ఇప్పుడు బాగా తగ్గిపోయాయి. పాటలూ కేకలూ అక్కడే. మొత్తం గ్రౌండ్‌లో పట్టేది తొమ్మిది వేల లోపే, కాబట్టి ఆటగాడు ఏం అరిచాడో కూడా వినపడుతుంది. యూనివర్సిటీ నుంచి నడిచి వెళ్లొచ్చు. ట్రైన్‌లో అయితే ఎక్సెటర్ సెంట్రల్ తర్వాతి చిన్న స్టేషన్ సెయింట్ జేమ్స్ పార్క్, దిగితే గ్రౌండ్ పక్కనే. నవంబర్ నుంచి చలి పాదాల్లోంచి ఎక్కుతుంది. రెండు జతల సాక్స్ వేసుకోండి. టికెట్ తీసుకునేటప్పుడు విద్యార్థులకి, యువకులకి ధర ఎంతో తప్పకుండా అడగండి.

బయటి ఊళ్ల మ్యాచులకి వెళ్లడం అంత తేలిక కాదు. ఎక్సెటర్ నైరుతి మూలన ఉంది, ఎటు వెళ్లినా దూరమే. 2023-24లో ఇదే లీగ్‌లో ఉన్న కార్లైల్‌కి అయితే దాదాపు 550 కిలోమీటర్లు. పోనీ టీవీలో చూద్దామంటే శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 వరకు ఈ దేశంలో ఫుట్‌బాల్ లైవ్ ప్రసారం చేయకూడదన్న నిబంధన ఉంది, జనం గ్రౌండ్‌కి రావడం మానేస్తారని. అందుకే హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు క్లబ్ స్ట్రీమింగ్‌లో మ్యాచ్ చూసేవాడు, ఇదే ఊళ్లో ఉన్న నేను రేడియో డెవాన్ పెట్టుకుని వినేదాన్ని. వాడికి చలికాలంలో రాత్రి 8:30కి మొదలు. నాకంటే ముందు వాడికే గోల్ కనపడిందో లేదో అని ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని.

కప్ మ్యాచులు వదలొద్దు. సీజన్ టికెట్ సాధారణంగా లీగ్ మ్యాచులకే, కప్‌కి విడిగా కొనాలి. అయితే పెద్ద జట్టు వచ్చినప్పుడు సీజన్ టికెట్ ఉన్నవాళ్లకి ముందు అవకాశం ఇస్తారు. 2025 ఫిబ్రవరిలో ఎఫ్ఏ కప్ నాలుగో రౌండ్‌కి నాటింగమ్ ఫారెస్ట్ వచ్చినప్పుడు అదే పెద్ద లాభం అయింది. ఫారెస్ట్ అప్పుడు ప్రీమియర్ లీగ్ పైస్థానాల్లో ఉంది. జాష్ మెగెనిస్ రెండు గోల్స్ కొట్టాడు, 2-2, అదనపు సమయం కూడా నిలబడి పెనాల్టీల్లో 4-2తో ఓడాం. లీగ్‌లో 16వ స్థానంలో ముగించిన ఏడాది అదే.

ఒక్క సలహా. మొదటి మ్యాచ్‌కి వెళ్లేముందు జట్టు లిస్టులో అకాడమీ నుంచి వచ్చిన కుర్రాడు ఒకడిని చూసి పెట్టుకోండి, బెంచి మీద ఉన్నా పర్లేదు. ఏడాదంతా అతన్నే గమనించండి. పట్టికలో స్థానం సంగతి మేలో చూసుకోవచ్చు. సెప్టెంబర్‌లో దిగాక ఇక్కడే ఒక మాట రాయండి. బిగ్ బ్యాంక్‌లో ఎడమవైపు, మెట్ల దగ్గర నిలబడతాం మేము. మీకూ చోటు ఉంటుంది.