వోల్టేర్ నాస్తికుడేనా?

ప్రశ్న: గోరా గారి నాస్తిక కేంద్రం ఉన్న ఊరు మాది. చర్చిని అంతగా దుయ్యబట్టిన 18వ శతాబ్దపు ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ కూడా నాస్తికుడేనా?
– ఒక పాఠకురాలు, గవర్నరుపేట, విజయవాడ

జవాబు: కాదండీ. గోరా గారు దేవుడి ఉనికినే నిరాకరించారు. వోల్టేర్ నిరాకరించినది మతాధికారుల పెత్తనాన్ని. న్యూటన్ వివరించిన క్రమబద్ధమైన విశ్వానికి ఒక నిర్మాత ఉండి తీరాలని నమ్మిన ఆయన, ఆ నిర్మాత అద్భుతాలు చేస్తాడని మాత్రం ఒప్పుకోలేదు. తాను నివసించిన ఫెర్నే ఊరిలో కట్టించిన చర్చిపై ‘దేవుడికి వోల్టేర్ నిర్మించినది’ అని లాటిన్‌లో చెక్కించి, తన పేరును దేవుడి సరసన నిలుపుకున్నారు కూడా!

1755 నవంబరు 1న, సకల పరిశుద్ధుల పండుగ నాడు, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపం వచ్చి ప్రార్థనకు వచ్చినవారే చర్చిల శిథిలాల కింద నలిగిపోయినప్పుడు, లోకంలో జరిగేదంతా మంచికేనన్న వాదం ఆయనకు దుర్భరమనిపించింది. 1759 నాటి ఆయన వ్యంగ్య నవల ‘కాండీడ్’లోని వెటకారమంతా దానిపైనే. కాథలిక్‌గా మారబోతున్న కొడుకును చంపాడన్న ఆరోపణపై ప్రొటెస్టెంట్ వర్తకుడు జాన్ కలాకు 1762లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో మరణశిక్ష అమలు చేయగా, వోల్టేర్ పట్టుబట్టి పోరాడినందువల్లే 1765లో ఆ తీర్పు రద్దయింది. నా దృష్టిలో ఆయన రచనలన్నిటికంటె ఇదే గొప్పది.

ఆ కాలపు అసలైన నాస్తికుడు కావాలంటే తత్వవేత్త దోల్బాక్‌ను చూడండి. 1770లో ఆయన మరొకరి పేరుతో ప్రచురించిన ‘ప్రకృతి వ్యవస్థ’ను ఖండించినవారిలో వోల్టేర్ ఒకరు.