పాత డోజర్ బేరం: పైన రంగు, కింద చైను

ప్రశ్న: టెక్సస్‌లో ఇరవై ఎకరాలు కొన్నాం, నిండా మెస్కీట్ తుప్పలే. వాటిని పెరికించి, చిన్న కుంట తవ్వుకుందామని పాత క్యాటర్‌పిల్లర్ డీ4 డోజర్ ఒకటి చూశాను. సీరియల్ నంబరు 7యూతో మొదలవుతోంది. ఇంజిన్ బాగానే తిరుగుతోంది, రంగు కూడా కొత్తగా వేశారు. కొనేముందు ఏమేం చూడాలి?

జవాబు: 7యూ అంటే 1947–59 మధ్య వచ్చిన బండి. ట్రాకుల (చైన్ల) మధ్య దూరం 60 అంగుళాలు (44 అంగుళాలదైతే 6యూ). ఆ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ మొండిఘటం, అది తిరగడం పెద్ద విశేషమేమీ కాదు. డబ్బు మింగేవి రెండు: బండిని పక్కకు తిప్పే స్టీరింగ్ క్లచ్‌లు, చైన్లు. మీ సమయమంతా వాటి మీదే పెట్టండి.

అయినా ఇంజిన్‌తోనే మొదలుపెడదాం. ‘నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి’ అని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ బ్లాక్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి. రాత్రంతా కదలని బండి అయితే ఇంజిన్ అడుగున నూనె తీసే సంప్ ప్లగ్గును కాస్త వదులు చేయించండి. నీళ్లుంటే నూనె కన్నా ముందు అవే కారతాయి. చైన్లను తిప్పే చివరి గేర్ల పెట్టెలకూ (ఫైనల్ డ్రైవ్‌లు) ఇదే పరీక్ష.

ఈ బండిని స్టార్ట్ చేసేది పక్కనున్న రెండు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్. దాన్ని పోనీ అంటారు. డీజిల్ సిలిండర్లలో ఒత్తిడి విడిచే కంప్రెషన్ లీవరును వదులు స్థానంలో పెట్టి, పోనీతో తిప్పుతూ, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచాక, ఇంజిన్ కాస్త వెచ్చబడ్డాక లీవరు మార్చి డీజిల్ వదలాలి. ఈ వరుస మొత్తం మీ కళ్ల ముందు జరగాలి. ‘ఇంకో ట్రాక్టరుతో లాగి స్టార్ట్ చేస్తాం’ అన్నారంటే పోనీ పోయినట్టే లెక్క. పోనీ డిప్‌స్టిక్ కూడా తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం గీత దాటి, పెట్రోలు కంపు కొడుతుంటే కార్బ్యురేటర్‌లో పెట్రోలును ఆపే ఫ్లోట్ నీడిల్ కారుతోంది. బాగుచేయడం తేలికే గానీ, పలచబడిన ఆ ఆయిల్‌తో ఎన్నాళ్లు తిప్పారన్నది అసలు సంగతి.

ఇక స్టీరింగ్ క్లచ్‌లు. ఇవి పొడి క్లచ్‌లు, పక్కకో కట్ట ప్లేట్లు. ఆరుబయట ఏళ్ల తరబడి నిలిపిన బండిలో సీటు చుట్టూ ఉన్న సందుల్లోంచి వాన నీళ్లు దిగి ప్లేట్లు తుప్పుతో అతుక్కుపోతాయి. రెండో గేరులో నడుపుతూ బ్రేకు తొక్కకుండా ఒక పక్క స్టీరింగ్ లీవరే లాగండి. ఆ పక్క చైనుకు పట్టు వదలాలి. లాగినా బండి తిన్నగానే పోతుంటే ప్లేట్లు అతుక్కున్నాయి. ఖాళీ నేల మీద తెలియకపోతే బ్లేడు నిండా మట్టి తోస్తూ చూడండి. రెండో జబ్బు దీనికి తిరగబడి ఉంటుంది: లీవరు ముట్టకపోయినా బరువు పడగానే ఒక పక్క చైను ఆగిపోతుంది. అంటే ప్లేట్లు అరిగాయి, లేదా నూనెలో నానాయి. కింద క్లచ్ గదుల డ్రెయిన్ ప్లగ్గులు విప్పితే తేలిపోతుంది: నీళ్లు పడితే మొదటి జబ్బు, గేరు నూనె పడితే సీలు పోయింది. నూనె పట్టిన ప్లేట్లను విప్పకుండానే కిరోసిన్ పోసి, బండిని ముందుకూ వెనక్కూ ఆడించి కడగొచ్చు. పెట్రోలు మాత్రం వద్దు, అంటుకుంటుంది. సీలు మార్చకపోతే ఆ కడుగుడు కూడా నాలుగు రోజుల ముచ్చటే. లీవరు లాగడం మొదలుపెట్టినప్పుడు కాస్త ఖాళీగా కదలాలి. అసలు ఖాళీ లేదంటే ప్లేట్లు అరిగి సర్దుబాటు తప్పింది.

ఇంజిన్‌ను గేర్లకు కలిపే మెయిన్ క్లచ్‌ది చేతి లీవరు. తోస్తే గట్టిగా అడ్డుకుని, ఒక్కసారిగా టక్కుమని పడాలి. వెన్నలో కత్తిలా దిగితే బరువు మీద జారుతుంది.

చైనుకు టేపు తీసుకెళ్లండి. చైనును తిప్పే పళ్ల చక్రం (స్ప్రాకెట్) పన్ను, చైను మధ్య ఒక కర్రదిమ్మ ఇరికించి, పైభాగం బిగిసేలా బండిని కాస్త కదిలించండి. చైనును విప్పి కలిపే మాస్టర్ పిన్నును వదిలేసి, పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు నాలుగు లింకులు కొలవండి. కొత్త చైనుకు లింకు 6.75 చొప్పున 27 అంగుళాలు. 27.5 వచ్చిందంటే పిన్నులను, వాటి మీది గొట్టాల్లాంటి బుష్‌లను అరగని వైపుకు తిప్పే దశ కూడా దాటినట్టే. బుష్ రెండు వైపులా అరిగి ఉంటే ఒకసారి ఇదివరకే తిప్పారు, ఇక మార్చడమే. ముందు నిలబడి చైను వెంట చూపు సారించండి, పాములా వంకర్లు పోతుంటే లింకులు పక్కకు వదులయ్యాయి. రెండు పక్కలా లింకులు లెక్కపెట్టడం మరవొద్దు. సాగిన చైను బిగుతుగా కనిపించడానికి ఒక లింకు తీసేసే మహానుభావులున్నారు.

రంగు సంగతి: గ్రీజు, మట్టి మీదే కొట్టేశారేమో బోల్టుల దగ్గర గోటితో గీకండి. బ్లేడును మోసే సీ-ఫ్రేము వెల్డింగుల దగ్గర రంగు కింద పగుళ్లు దాగుతాయి, వైరు బ్రష్ వెంట ఉంచుకోండి. బ్లేడుతో బండి దాదాపు ఆరు టన్నులు, మీ పికప్ వెనక కట్టుకొచ్చే సరుకు కాదు. మీది తుప్పలు కొట్టే పని కాబట్టి తల మీద ఇనుప పందిరి లేకుండా మాత్రం ఎక్కకండి.

ప్రశ్న: నల్గొండ దగ్గర చెలక చదును చేయించడానికి పాత బీఈఎంఎల్ డీ50 డోజర్ చూశాం. చైను బిగుతుగా ఉంది, ‘ఈమధ్యే చేయించాం’ అంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: బిగుతు చూసి నమ్మొద్దు. ఈ బండికి చైను బిగించే గ్రీజు సిలిండరు ఉంటుంది. గన్నుతో నాలుగు పంపులు కొడితే ఎంత సాగిన చైనైనా ఆ పూటకు తీగలా బిగుస్తుంది. ముందు ఐడ్లర్ (చైను ముందు కొసన ఉండే చక్రం) ఎంత ముందుకు జరిగిందో చూడండి. జరగాల్సినంతా జరిగిపోయి ఉంటే ఇక సర్దడానికి ఏమీ మిగల్లేదు. కొలత ఇక్కడా అదే పద్ధతి: డీ50 లింకు 175 మిల్లీమీటర్లు, నాలుగింటికి 700. 712 దరిదాపుల్లో ఉంటే బేరంలోంచి చైను ఖర్చు తీసేయండి. స్ప్రాకెట్ పళ్లు సూదుల్లా మొనదేలి ఉంటే దాని ఖర్చూ కలపండి; పాత పళ్ల మీద కొత్త చైను వేస్తే అదీ తొందరగానే పాడవుతుంది.