సిడ్నీయా, గబ్బానా?

ప్రశ్న: 2020-21 ఆస్ట్రేలియా టెస్టు క్రికెట్ టూర్‌లో మన జట్టుది ఏది గొప్ప? గబ్బా (బ్రిస్బేన్ గ్రౌండ్) గెలుపా, సిడ్నీ డ్రానా?

జవాబు: నా ఓటు సిడ్నీకే. అడిలైడ్‌లో 36కే కుప్పకూలాం, కోహ్లీ ఇంటికెళ్లిపోయాడు, మెల్‌బోర్న్‌లో రహానే సెంచరీ కొట్టి సిరీస్ సమం చేశాడు, అంతా సరే. కానీ సిడ్నీలో చివరి రోజు తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని విహారి, నడుం వంగని అశ్విన్ నలభైకి పైగా ఓవర్లు వికెట్ ఇవ్వకుండా నిలబడ్డారు చూడండి, అదండీ పోరాటమంటే! విహారి 161 బంతులాడి చేసింది 23 పరుగులే. ఆ మ్యాచ్ పోయుంటే గబ్బాలో గెలిచినా సిరీస్ 2-2తో సమమయ్యేది, అంతే. గబ్బాను తక్కువ చేయట్లేదు, 1988 తర్వాత అప్పటిదాకా ఆస్ట్రేలియా టెస్టు ఓడని గ్రౌండది. తండ్రి పోయినా టూర్ వదలని సిరాజ్ అక్కడ ఒకే ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీశాడు, పంత్ 89 నాటౌట్‌తో 328 లక్ష్యం దాటించేశాడు.