రోజూ గడ్డం గీసుకోవాలి, మెడ నిండా పొక్కులు: ఎలక్ట్రిక్ షేవర్ కొనాలా, సేఫ్టీ రేజరుకు మారాలా?

మీ ప్రశ్న మొత్తం చదివాను. హోటల్ రిసెప్షన్‌లో ఉద్యోగం, రోజూ నున్నగా గడ్డం గీసుకోక తప్పదు. మూడు బ్లేడ్ల రేజరుతో మెడ మీద ఎర్రటి పొక్కులు లేస్తున్నాయి. స్నేహితులు ఎలక్ట్రిక్ షేవర్ కొనమంటున్నారు, మామయ్యగారు బ్రష్షూ సేఫ్టీ రేజరూ పట్టుకోమంటున్నారు. మీ విషయంలో మామయ్యగారి మాటే సరైనదని నా అభిప్రాయం. మా ఇంట్లో రెండూ వాడకంలో ఉన్నాయి. నా గడ్డానికి ఒంటి బ్లేడు సేఫ్టీ రేజరు, నాన్నగారి గడ్డానికి ఎలక్ట్రిక్ షేవర్. రెండూ ఏళ్ల తరబడి నా చేతుల మీదుగానే నడుస్తున్నాయి కాబట్టి ఏది ఎవరికి పనికొస్తుందో కొంత ధైర్యంగా చెప్పగలను.

ముందు ఆ పొక్కుల సంగతి చూద్దాం. రేజరులో రెండు మూడు బ్లేడ్లు వరసగా ఉన్నప్పుడు మొదటి బ్లేడు వెంట్రుకను కొద్దిగా పైకి లాగి కోస్తుంది. అది తిరిగి లోపలికి జారేలోపు వెనకాల బ్లేడు మరోసారి కోస్తుంది. చివరికి వెంట్రుక మొన చర్మం మట్టం కంటే కిందికి దిగిపోతుంది. చెంపల మీద ఇది బాగానే ఉంటుంది, చేత్తో తడిమితే నున్నగా తగులుతుంది. మెడ మీద వెంట్రుకలు మాత్రం వంకర తిరిగి, చర్మానికి ఆనుకుని పెరుగుతాయి. లోపలికి దిగిన మొన మళ్లీ పెరిగేటప్పుడు బయటికి దారి దొరకక పక్కకు తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. శరీరం దాన్ని ముల్లు దిగినట్టే భావించి ఎర్రబడుతుంది, వాస్తుంది. చర్మవైద్యులు దీన్ని సూడోఫోలిక్యులైటిస్ బార్బే అంటారు. ఉంగరాల జుట్టు ఉన్నవాళ్లకు ఇది మరీ ఎక్కువ. రెండు బ్లేడ్ల రేజర్లు 1971లో వచ్చాయి, మూడు బ్లేడ్లవి 1998లో, అయిదు బ్లేడ్లవి 2006లో. బ్లేడ్లు పెరిగినకొద్దీ చెంపలకు సుఖం పెరిగిందేమో కానీ, మీలాంటి మెడకు అవి పడవు.

అందుకే ఒంటి బ్లేడు. అయితే అదే చేత్తో, అదే తొందరతో గీస్తే సేఫ్టీ రేజరు కూడా మెడను వదలదు. కొనేముందు ఒక పని చేయండి. ఒక రోజు గడ్డం పెరిగాక అద్దం చూడకుండా వేళ్లతో మెడ తడమండి. ఏ వైపు నిమిరితే మెత్తగా ఉందో అది వెంట్రుకల వాలు, ఎటు గరుకుగా తగిలితే అది ఎదురు. చెంపల మీద వాలు దాదాపు అందరికీ పై నుంచి కిందికే ఉంటుంది. మెడ దగ్గర ఎవరి లెక్క వారిది. నాకు కంఠమణి కింద వెంట్రుకలు పైకి పెరుగుతాయి, కుడి దవడ కింద అడ్డంగా చెవి వైపు తిరుగుతాయి. ఈ వాలు తెలియకుండా అందరిలాగా కింది నుంచి పైకి గీస్తే కొన్నిచోట్ల వాలుగా, కొన్నిచోట్ల ఎదురుగా తెగుతుంది. మీ పొక్కులు మెడలో ఒకే చోట గుంపుగా లేస్తున్నాయా, మెడంతా సమంగా ఉన్నాయా గమనించండి. ఒకే చోట అయితే అక్కడ మీరు ఎదురు గీస్తున్నారని దాదాపు ఖాయం.

రెండో సంగతి నీళ్లు. ఎండిన గడ్డం వెంట్రుక గట్టిగా ఉంటుంది, రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నానితే నీరు పీల్చుకుని మెత్తబడుతుంది. మంగలి షాపులో పాతకాలం పనివాడు కత్తి పట్టేముందు గడ్డాన్ని అంతసేపు తడిపి, బ్రష్షుతో రుద్దేది ఇందుకే. స్నానం అయిన వెంటనే గీసుకుంటే ఈ పని దానంతటదే అయిపోతుంది. తువ్వాలుతో ముఖం తుడుచుకోకండి. క్రీము బఠాణీ గింజంత చాలు, తడి బ్రష్షుతో చెంప మీదే గుండ్రంగా తిప్పుతూ, చుక్క చుక్క నీళ్లు కలుపుతూ పోతే నురగ మీగడలా చిక్కబడుతుంది. బుడగలు కనిపిస్తున్నాయంటే ఇంకా తిప్పాలి. డబ్బా నొక్కితే వచ్చే రెడీమేడ్ నురగ చూడటానికి ఎక్కువే కానీ, వెంట్రుకల అడుగు దాకా నీటిని తీసుకెళ్లేది బ్రష్షే.

ఇక్కడ హైదరాబాద్ లాంటి చోట్ల ఉన్నవాళ్లకు ఒక మాట. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువగా ఉంటే సబ్బు నురగ నిలవదు, తెల్లటి తెట్టులా విరిగిపోతుంది. క్రీము మంచిది కాదని మార్చి మార్చి కొనేవాళ్లను చూశాను. తప్పు క్రీముది కాదు, నీళ్లది. నురగ కోసం ఒక గ్లాసు తాగే నీళ్లు పక్కన పెట్టుకోండి. ముఖం కడుక్కోవడానికి ఏ నీళ్లయినా ఫరవాలేదు.

ఇక గీత. సేఫ్టీ రేజరు తలను చెంపకు ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించుతూ పోతే ఒక చోట బ్లేడు వెంట్రుకను పట్టిన చప్పుడు వినిపిస్తుంది. చర్మానికీ బ్లేడుకీ మధ్య సుమారు 30 డిగ్రీలు ఉండే ఆ కోణమే పట్టుకుని ఉండాలి. అసలు నొక్కకూడదు. ఇత్తడి రేజరు బరువే పని చేస్తుంది. మూడు బ్లేడ్ల రేజరుకు అలవాటుపడిన చెయ్యి నొక్కేస్తుంది, ఈ అలవాటు మానుకోవడానికే కొన్ని వారాలు పడుతుంది. చిన్న చిన్న గీతలు గీయండి, మెడ చర్మాన్ని మాత్రం బిగదీయకండి. మొదటిసారి వాలుగా. ఇంకా గరుకుగా ఉంటే మళ్లీ నురగ రాసి అడ్డంగా. మెడ మీద ఎదురు గీత మాత్రం వద్దు, ఎంత ముఖ్యమైన అతిథి వస్తున్నా సరే. అడుగు దూరం నుంచి చూసేవాళ్లకు అడ్డగీతకూ ఎదురుగీతకూ తేడా కనబడదు. ఆ తేడా మీ వేళ్లకు మాత్రమే తెలుస్తుంది. ఆ తర్వాత చన్నీళ్లు, తడి పటిక ముక్కతో ఒకసారి రుద్దడం, ఒక నిమిషం ఆగి కడిగేయడం. చిన్న గాట్లు ఉంటే పటిక రక్తాన్ని ఆపుతుంది. స్పిరిట్ వాసన కొట్టే లోషన్లు పొక్కులున్న మెడకు పనికిరావు, మంట పెట్టి చర్మాన్ని ఎండబెడతాయి.

బ్లేడు విషయంలో పిసినారితనం వద్దు. మా వీధి కొట్టులో మూడు నాలుగు రూపాయలకే మంచి బ్లేడు దొరుకుతుంది. నేను నాలుగైదుసార్లు గడ్డం గీసుకున్నాక మారుస్తాను, లాగుతున్నట్టు అనిపిస్తే ఇంకా ముందే. వెంట్రుక కంటే ఉక్కు దాదాపు 50 రెట్లు గట్టిది కదా, బ్లేడు ఎందుకు మొద్దుబారుతుందని నాకు ఎప్పుడూ అనుమానంగా ఉండేది. 2020లో అమెరికాలోని ఎమ్మైటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు సైన్స్ పత్రికలో దీనికి జవాబు ప్రచురించారు. వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కులో నిర్మాణం సమంగా లేని చోట్ల అంచు సన్నగా చిట్లుతుందట. కంటికి కనబడని ఆ చిట్లిన అంచుతో మెడ మీద మళ్లీ మళ్లీ గీయడం ఎందుకు? రూపాయల్లో పోయేదాన్ని మార్చేయండి. పాత బ్లేడ్లను చెత్తబుట్టలో విడిగా వేయకండి, చెత్త ఎత్తేవాళ్ల వేళ్లు తెగుతాయి. మూతకు చీలిక పెట్టిన పాత పౌడరు డబ్బాలో వేస్తూ పోతే ఏళ్లకు గానీ నిండదు.

ఎలక్ట్రిక్ షేవర్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కొత్తది కాబట్టి మెరుగైనదని మీ స్నేహితులు అనుకుంటున్నట్టుంది, కానీ రెండింటికీ వయసులో పెద్ద తేడా లేదు. తీసి పారేసే బ్లేడున్న సేఫ్టీ రేజరుకు జిల్లెట్ పేటెంటు పొందింది 1904లో. ఎలక్ట్రిక్ షేవర్‌కు పేటెంటు 1930లో, అలాస్కాలో పనిచేసిన జేకబ్ షిక్ అనే అమెరికన్ సైనికాధికారికి దక్కింది. నీళ్లూ సబ్బూ లేకుండా గీసుకోవాలన్నది ఆయన ఆలోచన. అందుకు ముఖం పొడిగా ఉండాలి, మన విశాఖలోనో విజయవాడలోనో మే నెలలో ముఖం ఆరనే ఆరదు. చెమట చర్మం మీద షేవర్ తల జారకుండా పట్టేస్తుంది. ఫ్యాను కింద కూర్చుని, ముఖానికి పలచగా టాల్కం పౌడరు రాసుకున్నాక గీస్తే సాఫీగా నడుస్తుంది.

దానితో ఒక మేలుంది. కోసే బ్లేడుకూ చర్మానికీ మధ్య చిల్లుల రేకు అడ్డంగా ఉంటుంది కాబట్టి వెంట్రుక చర్మం కిందికి తెగదు, లోపలికి గుచ్చుకునే బాధ తక్కువ. ఈ లెక్కన అది మీ మెడకు మంచిదే కావాలి. చిక్కంతా మెడ మీద పడుకుని ఉండే వెంట్రుకలతోనే. అవి రేకు చిల్లుల్లోకి దూరవు. మీకు నున్నగా ఉండాలి కాబట్టి అదే చోట నాలుగైదుసార్లు నొక్కి తిప్పుతారు, ఎరుపు మళ్లీ మొదలవుతుంది. మంగళవారం, శుక్రవారం గీసుకోని ఇళ్లలో ఉన్నవాళ్లకు మరో ఇబ్బంది. రెండు రోజుల గడ్డం పెరిగితే దాని వేగం పడిపోతుంది. అయ్యప్ప మాల తీసిన తర్వాత ఆ గడ్డం మీద నేరుగా షేవర్ పెట్టడం అసలే కుదరదు, ముందు ట్రిమ్మరుతో దించాలి. ఒక నెల పాటు ఒంటి బ్లేడుతో జాగ్రత్తగా గీసినా పొక్కులు తగ్గకపోతే అప్పుడు ఫాయిల్ రకం, అంటే చిల్లుల రేకు ఉన్న షేవర్, కొనండి, గుండ్రటి తలలున్న రోటరీ రకం కంటే అది మెడ దగ్గర అదుపులో ఉంటుంది. చర్మం దానికి అలవాటు పడటానికి రెండు మూడు వారాలు ఇవ్వండి.

నాన్నగారికి మాత్రం ఎలక్ట్రిక్ తప్ప మరొకటి వాడను. పక్షవాతం వచ్చాక ఆయన కుడి చెయ్యి లేవడం లేదు, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారు. ఆ మాత్రలు వాడేవాళ్లకు చిన్న గాటు పడినా రక్తం త్వరగా ఆగదు, అందుకే బ్లేడు వద్దని డాక్టరుగారు మొదట్లోనే చెప్పారు. మధుమేహం ఉండి గాయాలు మానడం ఆలస్యమయ్యేవాళ్లకు, చేతులు వణికేవాళ్లకు కూడా ఇదే మేలు. ఉద్యోగం చేసినన్నాళ్లూ గడ్డం గీసుకోకుండా గడప దాటని మనిషి. మంచాన ఉన్నా ఆ మర్యాద ఆయనకు దక్కాలన్నది నా పట్టుదల. ఉదయం కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి పౌడరు రాస్తాను. వయసుతో చెంపలు లోపలికి పోయాయి కాబట్టి రేకు ఆనదు. నాలుకతో బుగ్గను లోపలి నుంచి తోయమంటే ఎడమ వైపు తోస్తారు, కుడి వైపు ఆయనకు సాధ్యం కాదు, అక్కడ నా బొటనవేలితో చర్మాన్ని చెవి వైపు లాగి పట్టుకుంటాను. పెదవి చివర ముడతల్లో నాలుగు తెల్ల వెంట్రుకలు ఎప్పుడూ తప్పించుకుంటాయి. అయిపోయాక ఆయన ఎడమ చేత్తో దవడంతా తడిమి, మిగిలిన చోట వేలు పెట్టి చూపిస్తారు. అక్కడ మళ్లీ తిప్పుతాను. ఇంట్లో పెద్దవాళ్లకు గడ్డం గీయాల్సినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, శబ్దం తక్కువగా ఉండే షేవర్ చూసుకోండి, ముందు వాళ్ల అరచేతికి ఆనించి అదురు తెలియనివ్వండి. మొదటి రోజు ముఖం వెనక్కి తీసుకోరు.

ఖర్చు లెక్క మీరే వేసుకోవచ్చు. సేఫ్టీ రేజరు ఒకసారి కొంటే దశాబ్దాలు ఉంటుంది, తర్వాత బ్లేడ్లూ క్రీమే ఖర్చు. ఎలక్ట్రిక్‌లో పరికరం ధరతో పాటు ఏడాదిన్నర, రెండేళ్లకోసారి మార్చాల్సిన రేకూ కట్టరూ కూడా కలుపుకోండి. ఆ భాగాలు మీ ఊళ్లో దొరుకుతాయో లేదో కొనేముందే అడగండి. రోజూ గీస్తే గడ్డం ముదురుతుందన్న భయం వద్దు. అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త మిల్‌డ్రెడ్ ట్రాటర్ 1928లోనే కొలిచి చూశారు, గీయడం వల్ల వెంట్రుక లావెక్కదు. తెగిన మొన మొద్దుగా ఉండి గరుకుగా తగులుతుంది, అంతే.

మీరు ఏది ఎంచుకున్నా, ఇప్పుడున్న పొక్కుల మీద రేపే కొత్త బ్లేడు పెట్టకండి. మేనేజరుగారితో మాట్లాడి నాలుగైదు రోజులు ట్రిమ్మరుతో ఒక మిల్లీమీటరు ఉంచి దించుకోండి, లోపలికి తిరిగిన వెంట్రుకలు బయటపడే వ్యవధి ఇవ్వండి. వాటిని గోటితో గిల్లవద్దు, నల్లమచ్చలు పడతాయి. పొక్కుల్లో చీము కనిపించినా, గట్టిపడి గడ్డల్లా మిగిలిపోతున్నా ఈ ప్రయోగాలన్నీ పక్కనపెట్టి చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి. కొన్నాళ్లు గడ్డం ఉంచుకోవాలని ఆయన చెబితే ఆ మాట చీటీ మీద రాయించుకుని హోటల్‌లో చూపించండి.