అమ్మ పెంచిన పిల్లికి పగటి తోడు

ప్రశ్న: మాది కడపలోని ఎర్రముక్కపల్లె. మైదుకూరు దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఉదయం ఏడున్నరకు బస్సెక్కితే ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరవుతుంది. అమ్మ చనిపోయి ఎనిమిది నెలలైంది. ఆమె ఆరేళ్ళుగా పెంచిన ఆడపిల్లి పగలంతా ఒంటరిగా అరుస్తోందని మేడమీద వాళ్ళు చెబుతున్నారు. పొట్ట కింద వెంట్రుకలు ఊడిపోయేలా నాక్కుంటోంది. అమ్మ మంచం మీద రెండుసార్లు మూత్రం పోసింది. ఇంకో పిల్లిని తెమ్మని కొందరంటున్నారు. చేపల మార్కెట్ దగ్గర వదిలేస్తే అదే బతుకుతుందని మా అన్న అంటున్నాడు. మధ్యాహ్నాలు అమ్మతో కూర్చునే ఎదురింటి అవ్వను సాయం అడగాలంటే నాకు మొహమాటం. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో పరిష్కారం చివరి నుంచి రెండో వాక్యంలోనే ఉంది. అయితే అవ్వ దగ్గరికి వెళ్ళే ముందు పిల్లిని పశువుల డాక్టరుకు చూపించండి. పడుకునే చోట మూత్రం పోయడం, ఒకేచోట పదేపదే నాక్కోవడం దిగులు వల్ల కావచ్చు, మూత్రాశయంలో నొప్పి వల్లా కావచ్చు, చర్మవ్యాధి వల్లా కావచ్చు. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే, ఎదకు వచ్చినప్పుడు కూడా ఆడపిల్లి ఇలాగే గుక్కపట్టి అరుస్తుంది, కొన్ని వారాలకొకసారి అదే తిరగబెడుతుంది. అప్పుడు ఎన్ని తోడులు వెతికినా ఆ అరుపు ఆగదు. మీరు రోజూ వెళ్ళే మైదుకూరుకు ప్రొద్దుటూరు దగ్గరే, అక్కడ పశువైద్య కళాశాల ఉంది. ఒక సెలవు పెట్టయినా వెళ్ళిరండి.

మంచం తడిపిందని దాన్ని కసరకండి. అది పగబట్టి చేసిన పని కాదు. ఆ మంచాన్ని ఫినాయిలుతో మాత్రం కడగవద్దు, అందులోని రసాయనాలు పిల్లుల ఒంటికి పడవు. పరుపు ఉతికించినా, అమ్మగారు కట్టిన నూలు చీర ఒకటి ఉతక్కుండా మడతపెట్టి, ఆమె కూర్చునే కుర్చీలో వేయండి. పిల్లి మనుషులను కంటితో కన్నా వాసనతోనే ఎక్కువగా గుర్తుపడుతుంది. ఆ గది తలుపు మూసి ఉంచుతున్నట్టయితే తెరిచి ఉంచండి. ఆ గదిలోకి వెళ్ళడం మీకూ కష్టంగానే ఉంటుందని నాకు తెలుసు.

మీ అన్నగారి మాట వినకండి. ఆరేళ్ళు గడప దాటకుండా పెరిగిన పిల్లికి వీధికుక్కల నుంచి తప్పించుకోవడం గానీ, తిండి వెతుక్కోవడం గానీ తెలియదు. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. ఆయనకు చట్టం గురించి చెప్పనక్కర్లేదు, అది అమ్మ పెంచిన పిల్లి అని గుర్తు చేస్తే చాలు.

ఇంకో పిల్లిని తేవడం ఇప్పుడే వద్దు. పిల్లి ఒంటరిగా వేటాడే జీవి, తన చోటులోకి కొత్త పిల్లి వస్తే స్నేహితురాలు వచ్చిందని సంబరపడదు. వాటిని కలపాలంటే కొత్తదాన్ని కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచి, టీకాలు వేయించి, ఒకదాని గుడ్డ మరొకదాని దగ్గర వేసి వాసన అలవాటు చేసి, మూసిన తలుపుకు ఇటూ అటూ తిండి పెట్టి, ఆ తర్వాతే ఎదురుపడనివ్వాలి. పగలంతా ఇంట్లో లేని మీరు ఆ పని ఎప్పుడు చేస్తారు? పైగా మీ పిల్లి పోగొట్టుకున్నది మరో పిల్లిని కాదు, మధ్యాహ్నం పక్కన కూర్చునే మనిషిని.

అందుకే అవ్వను అడగమంటున్నాను. పిల్లులు రోజులో పన్నెండు గంటలకు పైగానే నిద్రపోతాయి, కాబట్టి పగలంతా కాపలా ఉండనక్కర్లేదు. రోజూ ఒకే వేళకు అరగంటసేపు తెలిసిన మనిషి వచ్చి, నీళ్ళు మార్చి, పిడికెడు తిండి పెట్టి, కాసేపు కూర్చుంటే చాలు. ఆ గొంతు, ఆ వాసన పిల్లికి ఆరేళ్ళుగా తెలుసు. స్నేహితురాలిని పోగొట్టుకున్న అవ్వకు కూడా మధ్యాహ్నాలు ఇప్పుడు ఖాళీగానే ఉండి ఉంటాయి. మీరు భారమనుకుని అడగడం లేదు, అమ్మగారు పోయాక ఆ ఇంటికి రావడానికి తనకు కారణం లేదని ఆమె అనుకుంటూ ఉండవచ్చు. డబ్బు మాట ఎత్తకండి, ఆమె నొచ్చుకుంటుంది. ఆమెకు ఒంట్లో బాగాలేని రోజుల కోసం మాత్రం వీధిలో చదువుకునే అమ్మాయి ఎవరైనా ఉంటే, ఎంతో కొంత ఇచ్చి మాట్లాడి పెట్టుకోండి.

మిగతా పగటికి మీరు చేయగలిగింది కూడా ఉంది. బస్సుకు ముందు పావుగంట ఒక తాడు ముక్కను నేలమీద ఎలుకలా పాకించి దాన్ని పరిగెత్తించండి, ఆ తర్వాతే తిండి పెట్టండి. వేటాడి తిన్నాక ఒళ్ళు నాక్కుని నిద్రపోవడం దాని స్వభావం, మీరు తాళం వేసే వేళకు అది కునుకు తీస్తూ ఉంటుంది. జాలీ బిగించిన కిటికీ దగ్గర ఎక్కి కూర్చునేందుకు ఒక బల్ల వేస్తే ఉడతలను, పిచ్చుకలను చూస్తూ గడుపుతుంది. మన కడప ఎండలకు మూసిన ఇల్లు మధ్యాహ్నానికి కాగిపోతుంది కనుక గాలి ఆడేలా చూసి, నీడనున్న బండల మీద రెండు మట్టి మూకుళ్ళలో నీళ్ళు పెట్టి వెళ్ళండి.

వచ్చే ఆదివారం మీరు ఇంట్లో ఉన్నప్పుడే అవ్వను పిలవండి. అమ్మగారి కుర్చీ పక్కన ఆమెను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, పిల్లిని ఎవరూ పిలవకుండా ఊరుకోండి. అది తనంతట తాను వచ్చి ఆమె కాళ్ళకు ఒళ్ళు రాసుకుంటే, అప్పుడు రెండో తాళంచెవి ఆమె చేతికివ్వండి. ఉల్లిపాయ వేసిన కూర గానీ, మన జ్వరం మాత్రలు గానీ పొరపాటున కూడా పెట్టకూడదని చెప్పి, డాక్టరు ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనక అతికించండి.